214వ నంబరు పాఠకుడు

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, పోయిన ఎండాకాలం నేను ఒక అంకె మీద మనసు పారేసుకున్నాను. ఆ అంకె 214. మనిషిని చూడలేదు, పేరు తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. మగవాడేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. వయసు కాస్త మళ్లి ఉంటుంది, కళ్లజోడు ఉంటుంది, చొక్కా జేబులో పెన్ను ఉంటుంది, గట్టిగా మాట్లాడడు అని కూడా ఊహించేసుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

మా కమాన్ గల్లీ శాఖా గ్రంథాలయం ఫలక్‌నుమా స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక. రెండు గదులు, ఒక హాలు, హాల్లో ఆరు ఫ్యాన్లుంటే నాలుగు తిరుగుతాయి. మా బాపు మొగులయ్య అందులో అటెండర్. లైబ్రేరియన్ పోస్టు పన్నెండేళ్లుగా ఖాళీ. తాళం తీసేది బాపు, ఊడ్చేది బాపు, పేపర్లు పరిచేది బాపు, పుస్తకం ఇచ్చి తారీఖు ముద్ర కొట్టేదీ బాపే. చినిగిన పుస్తకాలకు మైదా ఉడికించి అట్టలు అంటించేదీ ఆయనే. జూన్ ముప్పైకి ఆయన రిటైర్మెంట్.

ఏప్రిల్‌లో మూడు శాఖలకు కలిపి లైబ్రేరియన్‌గా బిందుమాధవి మేడం వచ్చింది. వచ్చిన పది రోజులకే హాల్లో వైఫై పెట్టించింది, బెంచీల కింద చార్జింగ్ ప్లగ్గులు పెట్టించింది, చెవులకు పెట్టుకుని పుస్తకం వినే మూల ఒకటి తయారు చేయించింది. ఇక మిగిలింది అసలు పని. ప్రతి పుస్తకానికీ చిప్పున్న స్టిక్కరు అంటించాలి, పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. దానికి మూడు నెలల కాంట్రాక్టు మీద నన్ను తీసుకున్నారు. బాపు సిఫారసు చేయలేదు. లైబ్రరీ సైన్స్ చదివాను, ఇంటర్వ్యూలో తొమ్మిది మందిని దాటి వచ్చాను. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గల్లీలో ఒక్కరూ నమ్మలేదు.

పన్నెండేళ్ల ఇష్యూ రిజిస్టర్లు నా టేబుల్ మీద పడ్డాయి. ఒక్కో వరుసలో తారీఖు, పుస్తకం నంబరు, సభ్యుడి నంబరు, తిరిగి ఇచ్చిన తారీఖు. అంతే. పేర్లు ఉండవు. పేర్లన్నీ వేరే సభ్యత్వ రిజిస్టర్‌లో ఉంటాయి, అది మాత్రం కనబడటం లేదు. బాపును అడిగితే, "గా వానలకు తడిసి ఏడనో పడ్డది బిడ్డా, దొరుకుతదిలే" అన్నాడు.

రెండో వారానికే నా వేళ్లకు 214 అలవాటైపోయింది. బుధవారం రెండు పుస్తకాలు, శనివారం రెండు పుస్తకాలు. వానొచ్చినా, పండగొచ్చినా తప్పేది లేదు. ఒక్కసారైనా ఆలస్యం లేదు, ఒక్క పుస్తకం పోగొట్టలేదు. ఏం చదివేవాడని? అన్నీ చదివేవాడు. కోళ్ల పెంపకం, పాత నవలలు, ఇంటి వైద్యం, రష్యా నుంచి వచ్చిన లావుపాటి అనువాదాలు, తాపీ పని, నక్షత్రాలు, జిల్లాల చరిత్రలు. ఎవ్వరూ ముట్టుకోని పుస్తకం ఏదైనా ఉందంటే దాన్ని 214 తీసుకెళ్లి ఉంటాడు. నేను డిగ్రీలో మార్కుల కోసం చదివినవి తప్ప సొంతంగా చదివినవి చేతి వేళ్ల మీద లెక్క పెట్టొచ్చు. ఈయన్ని చూస్తే నాకు అసూయ, గౌరవం రెండూ పుట్టాయి.

రోజూ పొద్దున్నే పేపరుకు వచ్చే వీరరాఘవరావు గారి మీద నాకు అనుమానం. ఏలూరు వైపు నుంచి వచ్చి ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. కళ్లజోడు ఉంది, జేబులో పెన్నూ ఉంది.

"సార్, మీ మెంబర్‌షిప్ నంబరు 214 కదా?" అన్నాను నవ్వుతూ.

"నాది ఆరు వందల పదకొండు అమ్మాయ్. పుస్తకాలు నేనెక్కడ చదువుతాను? ఇంట్లో టీవీ మా ఆవిడ చేతిలో ఉంటుంది. ఇక్కడైతే కాస్త ప్రశాంతంగా కునుకు తీయొచ్చు," అన్నాడాయన. నా గుండె పగిలిందంటే నమ్మండి.

ఆ సాయంత్రం బాపును నిలదీశాను. "బాపూ, పన్నెండేళ్లు నీ చేతుల మీదుగనే ఇచ్చినవ్ కదా. ఎవరాయన? ఎట్లుంటడు?"

బాపు మైదా జిగురు గిన్నెలో పుల్ల తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు. "శానమంది వస్తరు పోతరు. యాదికుంటదా? నీ పని నువ్వు జెయ్యి."

బాపుకు పదేళ్ల కింద అట్ట చిరిగిన పుస్తకం కూడా గుర్తుంటుంది. మనిషి గుర్తు లేడంటే నాకు వింతగా అనిపించింది, కానీ ఆ వేడికి మరీ ఆలోచించలేదు.

మే మూడో వారంలో లెక్క తేలింది. 214 గత పదేళ్లలో తీసుకెళ్లిన పుస్తకాలు రెండు వేల నూట పదహారు. రెండో స్థానంలో ఉన్న సభ్యుడికి నూట తొంభై. స్క్రీన్ మీద ఆ పట్టీ చూసి బిందుమాధవి మేడం కుర్చీలోంచి లేచింది.

"సుజనా, దిస్ ఈజ్ అన్‌బిలీవబుల్! ఫలక్‌నుమాలో ఇలాంటి రీడర్ ఉన్నారా? జూన్ పన్నెండున పుస్తకాలిచ్చే కొత్త మెషిన్ ఓపెనింగ్ పెట్టుకున్నాం కదా, ఆయన చేతే మొదటి పుస్తకం ఇష్యూ చేయిద్దాం. ఉత్తమ పాఠకుడిగా శాలువా కప్పుదాం. ఎక్కడున్నా సరే, నువ్వు ఆ రిజిస్టర్ వెతుకు."

నాకంటే ఉత్సాహం ఎవరికుంటుంది? రెండు రోజులు దుమ్ములో ఈదాను. మూడో రోజు మధ్యాహ్నం, బాపు బ్యాంకు పని మీద పోయినప్పుడు, వెనక గదిలో అల్మారా మీద పాత కర్టెన్ గుడ్డలో చుట్టి కట్టిన మూట కనబడింది. స్టూలెక్కి దించాను. తడిసిన జాడ లేదు. కట్టుకు మూడు ముళ్లు. అవి బాపు వేసే ముళ్లే. పోగొట్టుకున్న వస్తువును ఎవరైనా ఇంత భద్రంగా మూట కడతారా అని నాకప్పుడే తట్టాలి. తట్టలేదు.

అక్కడే నేల మీద కూర్చుని పేజీలు తిప్పాను. ఒక్కో సభ్యుడికి ఒక్కో వరుస, చివరి గడిలో సంతకం. తెలుగు సంతకాలు, ఉర్దూ సంతకాలు, ఇంగ్లీషులో వంకర్లు తిప్పినవి. 212. 213.

214 ముందు సంతకం లేదు. నీలం సిరాతో వేలిముద్ర ఉంది.

మొదట నాకు నవ్వొచ్చింది. రెండు వేల పుస్తకాలు చదివిన మనిషి వేలిముద్ర వేయడమేంటి అనుకున్నాను. ఆ తర్వాత ఎడమ పక్కకు చూపు జరిపి పేరు చదివాను. మాణిక్యమ్మ, భర్త మొగులయ్య, కమాన్ గల్లీ.

మా అమ్మ.

ఆ వరుసను నాలుగుసార్లు చదివాను. మా అమ్మకు చదువు రాదు. బస్సు నంబరు గుర్తుపడుతుంది, నోటు గుర్తుపడుతుంది, అంతే. పొద్దున ఐదున్నరకు బయలుదేరి కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజుకు నాలుగు వందల రొట్టెలు కాలుస్తుంది, నాలుగింటికి ఇంటికొస్తుంది. ఆమె మా లైబ్రరీ మెట్టు ఎక్కగా నేనెప్పుడూ చూడలేదు.

బాపు తిరిగొచ్చేసరికి నేను రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు.

"గిదేంది బాపూ?" అన్నాను.

బాపు వచ్చి నా ఎదురుగా కూలబడ్డాడు. రిజిస్టర్ వైపు చూస్తూ అన్నాడు, "ఐదేండ్లు ఎవ్వలు తీస్కపోని పుస్తకాన్ని తీసెయ్యాలె అని పైనుంచి కాయితం వస్తది బిడ్డా, ఏడాదికోసారి. పట్టీ రాసి పంపాలె. లారీ వస్తది, తూకానికి ఏస్కపోతరు. ఒక్కసారి ఏస్కపోయిండ్రు. ఆరు వందల పుస్తకాలు. నేను అట్టలేసినయి, నేను జిగురు రాసినయి. గా దినం నాకు అన్నం దిగలె. గప్పటి సంది..."

"గప్పటి సంది అమ్మ కార్డు మీద రాస్తున్నవా?"

"ఎవ్వలు తియ్యనియి జూసి, వారానికి నాలుగు. తారీఖు పడితె సాలు, ఐదేండ్లు బతుకుతది. నా పేరు మీద రాస్కుంటె ఆడిట్ల దొరుకుత. మీ అమ్మ కార్డు ఊకెనె ఉండె. గింత మందిని సేర్చాలె అని టార్గెట్ ఇచ్చినప్పుడు చేసిన కార్డు. నువ్వప్పుడు సంకల ఉంటివి."

"ఇది తప్పుడు లెక్క బాపూ! పింఛను ఆపుతరు తెలుసా?"

"తెలుసు. అందుకే రెండు నెలలు దాచిన. రిటైరయ్యేదాంక దొరకకుంటె సాలనుకున్న. నువ్వు ఎతుకుతవనుకోలె," అన్నాడు బాపు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పదేళ్ల దొంగ లెక్కను మూడు వందల పేజీల్లోంచి తీసి అందంగా కంప్యూటర్‌లో ఎక్కించి ప్రభుత్వానికి అప్పజెప్పింది ఎవరు? నేనే. పైగా దాన్ని ప్రేమించాను కూడా.

ఇంతలో హాల్లోంచి చెప్పుల చప్పుడు. మేడం లోపలికి వచ్చింది. నేను చటుక్కున రిజిస్టర్ మూసేశాను, వేలు మాత్రం ఆ పేజీలో ఉండిపోయింది.

"దొరికిందా? వావ్! 214 ఎవరు?"

అబద్ధం చెప్పాల్సిన క్షణం అదే. వెంకయ్యో, పోచయ్యో, చచ్చిపోయాడనో ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు ఒక్క పేరూ తట్టలేదు. "మాణిక్యమ్మ, మేడం," అన్నాను.

"మాణిక్యమ్మ గారా? ఎవరావిడ?"

నేను బాపు వైపు చూశాను. బాపు నేల వైపు చూశాడు. "నా భార్య, మేడం," అన్నాడు.

"మీ ఆవిడా! క్యాంటీన్‌లో పనిచేస్తారన్నారు, ఆవిడేనా? ఆవిడ ఇంత చదువుతారా మొగులయ్య గారూ?"

బాపు తల ఊపాడు. "ఔ మేడం."

అబద్ధమని తెలిసి బాపు నోట నేను విన్నది అదే మొదటిసారి. మేడం కళ్లు తడిశాయి. నిజంగానే తడిశాయి, నేను చూశాను. "చూశారా? అక్షరానికి హోదా ఉండదు అంటే ఇదే. గ్రంథాలయ సంస్థ చైర్మన్ గారికి చెప్పాలి, పేపర్ వాళ్లని పిలవాలి," అంటూ ఫోన్ తీసింది. ఆమె మంచితనమే మాకు ఉచ్చు అయింది. మేమిద్దరం ఆ మూట గుడ్డ మధ్యలో అలాగే కూర్చుండిపోయాం.

అమ్మకు చెప్పాలి కదా. ఎవరు చెప్పాలి? ఆ సాయంత్రం అమ్మ వచ్చి కాళ్లు కడుక్కుని చాయ్ పెట్టుకుంది. బాపు గొంతు సవరించుకుంటాడు, ఆగిపోతాడు. చివరికి నేనే మొత్తం చెప్పేశాను. రిజిస్టర్, లారీ, కార్డు, శాలువా, అన్నీ.

అమ్మ చాయ్ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని విన్నది. తిడుతుందనుకున్నాను, మా అమ్మ నోరు చిన్నది కాదు. "ఎన్ని పుస్తకాలే?" అంది.

"రెండు వేల నూట పదహారు."

"అంటె మా క్యాంటీన్ల ఐదు దినాల రొట్టెలు," అంది అమ్మ. గ్లాసు కింద పెట్టి, బాపు వైపు తిరగకుండానే అడిగింది. "నాకు కడుపు ఆపరేషనైనప్పుడు దవాఖానల పదిరోజులు పడి ఉంటి. గప్పుడు గూడ తెచ్చుకున్ననా?"

నాకా తారీఖులు గుర్తున్నాయి. నా చేతులతో కొట్టినవే. ఆ వారం బుధవారం రెండు, శనివారం రెండు. బాపు తల దించుకున్నాడు. అమ్మకు జవాబు అందినట్టే ఉంది.

"పరేషాన్ గాకు మాణిక్యం," అన్నాడు బాపు. "నువ్వేం మాట్లాడే పనిలేదు. పోవాలె, నమస్తె అనాలె, శాలువ తీస్కోవాలె, దిగాలె. నా పింఛను ఆగుతది లేకుంటె."

"సరే, వస్త," అంది అమ్మ.

మేం ఊపిరి పీల్చుకున్నాం. అంత సులభంగా ఒప్పుకుంటే భయపడాల్సింది, మేం సంతోషించాం. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నేను ఆమెకు రెండు వాక్యాలు నేర్పాను. "నాకు చదవడమంటే చాలా ఇష్టం. పుస్తకాలే నా నేస్తాలు." ఎవరైనా ఏం చదివారమ్మా అంటే కోళ్ల పెంపకం అని చెప్పమన్నాను. అమ్మ రొట్టె కాలుస్తూ అప్పజెప్పేది. ఒక్క పొల్లు పోయేది కాదు. "నీకు మస్తు జ్ఞాపకశక్తి అమ్మా," అని మెచ్చుకున్నాను కూడా. ఆమె నా వైపు ఒకసారి చూసి రొట్టె తిప్పింది. ఆ చూపు నాకు అప్పుడర్థం కాలేదు. ఇంత చదివిన నన్ను చూస్తే ఇప్పుడు నాకే అసహ్యమేస్తుంది.

జూన్ పన్నెండు. పొద్దున్నే తొలి వాన పడి గల్లీ అంతా బురద. హాల్లో ఎర్ర తివాచీ పరిచారు. మధ్యలో కొత్త మెషిన్, దానికి రిబ్బను. పుస్తకం పైన పెడితే అదే గుర్తుపట్టి, కార్డు చూపిస్తే అదే రాసుకుని, చీటీ ఇస్తుంది. పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లంతా ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. "బాజీ, రీల్ బనాలూఁ క్యా?" అని ఒకడు ఫోన్ ఎత్తి, రీల్ తీసుకోవచ్చా అన్నట్టు నన్నడిగాడు. వీరరాఘవరావు గారు ముందు వరుసలో కూర్చున్నారు, ఆ రోజు కునుకు తీయలేదు.

అమ్మ ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది, నా చదువయ్యాక నేను కొనిచ్చింది. మేడం ఆమె చేయి పట్టుకుని వేదిక ఎక్కించింది. చైర్మన్ గారు శాలువా కప్పారు. పెద్ద బోర్డు మీద మెరిసే అక్షరాలతో 2,116. చప్పట్లు. బాపు ఒక పక్కన కత్తెర ఉన్న పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

మేడం మైకులో అంది. "ఈ తల్లి రోజంతా రొట్టెలు కాల్చి, ఇంటికెళ్లి పుస్తకం పట్టుకునేవారు. ఇవాళ మన మెషిన్‌లో మొదటి పుస్తకం ఆవిడే తీసుకుంటారు. అమ్మా, ఇదిగో, ఈ పుస్తకం పేరేమిటో చదివి చెప్పి, ఒక రెండు మాటలు మాట్లాడండి."

చదివి చెప్పమంటారని మేం అనుకోలేదు. ముందుకెళ్లి ఏదో ఒకటి చేయాలనుకున్నాను.

అమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుంది. అట్ట మీద అరచేత్తో ఒకసారి తుడిచింది. మైకు దగ్గరికి వంగింది.

"నమస్తె. నాకు చదవడమంటే చాలా ఇష్టం. పుస్తకాలే నా..." అని ఆగింది.

ఆమె మర్చిపోయిందనుకున్నారు. ఎవరో ధైర్యం చెప్తూ చప్పట్లు కొట్టారు.

"నాకు సదువ రాదు సారు," అంది అమ్మ. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది. "గీ పుస్తకం పేరేందో నాకు తెల్వది. గీ రెండు వేలల్ల నేను ఒక్కటి గూడ ముట్టలే. పుస్తకాలు లారీల పోవద్దని సుజన బాపు నా నంబరు మీద రాసిండు. కార్డు చేసిన్నాడు నాకు ఇరవై రెండేండ్లు. ఏలుముద్ర ఏపిచ్చి, నీకు గూడ కార్డు అయ్యింది అన్నడు. ఇగ నేర్పుతడు కావచ్చనుకున్న."

కుర్రాళ్లు ఒక్కొక్కరూ ఫోన్లు కిందికి దించారు.

"పుస్తకాలను మంచిగనే కాపాడిండు, తప్పనను. రెండు వేల సార్లు నా నంబరు రాసిండు. నా పేరు రాసుడు నాకు ఒక్కసారి నేర్పలె. నా బిడ్డ లైబ్రరీ సదువే సదివింది. అది గూడ నాకు అబద్ధం నేర్పింది గని అక్షరం నేర్పలె. క్యాంటీన్ల స్టోర్ సూస్కొమ్మన్నరు పోయినేడు. సామాన్ల పర్చీ సదువరాదని, మోకాళ్ల నొప్పులని జెప్పి ఒద్దన్న." శాలువా తీసి మడిచి మేడం చేతిలో పెట్టింది. "గిది సదివినోళ్లకు ఇయ్యుండ్రి మేడం. నాకు రెండో పాలి డ్యూటీ ఉన్నది, బస్సు పోతది."

మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుని, బురదలో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. బాపు చేతిలో పళ్లెం ఒక పక్కకు ఒరిగి కత్తెర కింద పడింది. ఆయన వంగి తీసుకోలేదు. నేనైతే నిలబడిన చోటే నిలబడ్డాను. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఇరవై ఐదేళ్లు ఆ మనిషి చేతి రొట్టె తిన్నాను. ఆమెకు చదువు రాదన్నది మా ఇంటి గోడ రంగు లాగే నాకు మామూలు సంగతి. అది ఆమెకు నొప్పి అని నాకు ఒక్క రోజూ అనిపించలేదు.

నాలుగు రోజుల్లో బాపుకు మెమో వచ్చింది. విచారణకు ఇద్దరు వచ్చారు. పింఛను ఫైలు విచారణ తేలేదాకా ఆగింది. మేడం కూడా సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. "మీ నాన్నగారు చేసింది తప్పే సుజనా. కానీ ఆ రోజు రీడరెవరో కనుక్కోకుండా నంబరుకు శాలువా కప్పింది నేను," అంది. ఆ తర్వాత పుస్తకాల పట్టీ తీయమంది. 214 లెక్కలోంచి తీసేస్తే ఐదేళ్లుగా ఎవరూ తాకనివి తొమ్మిది వందల చిల్లర. వాటిని కట్టలు కట్టి వెనక గదిలో పేర్చాం. స్టిక్కర్లు అంటించొద్దన్నారు. బాపు ఒక్కో కట్టకు సుతిలి తాడు బిగించి మూడు ముళ్లు వేశాడు.

ఇంట్లో అమ్మ ఎప్పటిలాగే వండింది, ఎప్పటిలాగే పెట్టింది. మేమే ఆమె ముందు అన్నం సరిగా మింగలేకపోయాం. ఒక రోజు బాపు పలక కొనుక్కొచ్చి ఆమె పక్కన పెట్టాడు. అమ్మ దాన్ని చూసి, "నీ దగ్గర నేర్సుకోను," అంది. పలక గూట్లోకి పోయింది.

జూన్ ఇరవై తొమ్మిది. నా కాంట్రాక్టుకు, బాపు ఉద్యోగానికి ఇంకొక్క రోజు మిగిలి ఉంది. సాయంత్రం నాలుగున్నరకు తలెత్తి చూస్తే గుమ్మంలో అమ్మ ఉంది. క్యాంటీన్ ఏప్రాన్ ఇంకా విప్పలేదు, మోచేతికి పిండి.

"ఏమైందమ్మా?" అని లేచాను కంగారుగా.

"గా రెండు వందల పద్నాలుగును కొట్టెయ్. నాకు కొత్త కార్డు గావాలె."

బాపు వెనక గదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ ఆయన్ని దాటి లోపలికి వెళ్లింది, కట్టల మధ్య తిరిగింది. ఒక కట్టలోంచి బొమ్మలున్న పుస్తకం ఒకటి లాగి తెచ్చి ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. చూస్తే కోళ్ల పెంపకం. నాకు నవ్వు రాలేదు.

కొత్త పద్ధతిలో కాగితం లేదు, ట్యాబ్ ఉంది. పేరు, చిరునామా, ఫోన్ నంబరు నేనే కొట్టాను. చివర సంతకం గడి వచ్చింది, వేలితో రాయాలి. అలవాటు కొద్దీ, "అమ్మా, చదువురాని వాళ్లకు వేలిముద్ర..." అనబోయాను.

అమ్మ నా చేయి పక్కకు తోసింది. చూపుడు వేలు ఏప్రాన్‌కు తుడుచుకుంది. గాజు మీద వేలు పెట్టి, పెదవి కొరుక్కుని, గీయడం మొదలుపెట్టింది. మా. కాసేపు ఆగి, ణి. ఆ ణి దగ్గర మూడుసార్లు తిప్పింది. క్య. మ్మ. గడి దాటి బయటికి పోయింది చివరి అక్షరం.

గోడ దగ్గర బాపు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

"ఎవరు నేర్పిండ్రమ్మా?"

"స్టోర్ల పనిజేసె పిల్ల, రశ్మి. అన్నాల టైముల, రొట్టెల పీట మీద పిండి సల్లి నేర్పింది. పదిహేను రోజులు పట్టింది."

"నన్నెందుకు అడగలేదు?" అన్నాను. "నేను ఇంట్లనే ఉన్న కదా?"

అమ్మ నా మొహంలోకి సూటిగా చూసింది. "నువ్వు అడిగినవా?"

తల వంచుకుని బటన్ నొక్కాను. కొత్త సభ్యురాలి పేజీ తెరుచుకుంది. పైన ఆమె రాసిన వంకర పేరు, కింద ఒకే ఒక వరుస.

అమ్మ ట్యాబ్ మీదికి వంగింది. "గిదేం రాసున్నది?"

"ఇప్పటివరకు తీసుకున్న పుస్తకాలు," అని చదివాను.

"ఎన్ని?"

"సున్నా అమ్మా."

"ఆఁ," అంది అమ్మ, కుర్చీలో వెనక్కి ఆనుకుని. "గిప్పుడు కరెక్టున్నది."